చెవిలో మాత్రం నా గొంతే

జనవరి 6, సోమవారం

మా ఆర్కెస్ట్రా నడిపే విశ్వనాథంగారు మూడు జతల ఇయర్‌ఫోన్లు తెచ్చారు. స్టేజీ మీద కాళ్ళ దగ్గర పెట్టే మానిటర్ బాక్సులు ఇక ఉండవట. ఆర్కెస్ట్రాలన్నీ చెవుల్లో పెట్టుకునే ఇన్-ఇయర్లకి మారిపోయాయట, రాజమండ్రిలో మనమొక్కళ్ళమే మిగిలామట. పెద్ద కంపెనీలవి మనకెందుకు, తక్కువలో వచ్చేవే చూశానన్నారు.

"ముందు మీరు పెట్టుకుని చూడండి సూర్యకళగారూ. ఏది బాగుందో రాసుకుని చెప్పండి. మెయిన్ సింగర్ మీరు. మీకు నచ్చిందే ఖాయం చేద్దాం."

ఇరవై రెండేళ్ళుగా ఆయన కీబోర్డు పక్కన నిలబడి పాడుతున్నాను. నా అభిప్రాయం రాసి ఇమ్మని అడగడం ఇదే మొదలు. మా ఆయన బట్టలకొట్టుకి ఏటా ఎవరో ఒకరు డైరీ పంపుతారు, ఏటా ఖాళీగా అటకెక్కుతుంది. ఈసారి తీశాను.

జనవరి 7

మొన్న రిహార్సల్లో పాడింది ఫోన్లో ఉంది. అదే పాట మూడింటిలోనూ విన్నాను.

నల్ల జత. బాస్ ఎక్కువ. డ్రమ్ము కొడితే పొట్టలో మోగుతుంది. నా గొంతు నిండుగా, పరుపు మీద కూర్చోబెట్టినట్టు ఉంది. చెవికి బిరడా కొట్టినట్టు పట్టేస్తుంది. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో తెలియలేదు. పప్పు మాడింది.

నీలం జత. స, శ వచ్చిన చోటల్లా సూది గుచ్చుతుంది. తాళం వేస్తే రేకు మీద ఇసక పోసినట్టుంది. వదులు. వీధిలో కూరగాయల బండి కేక కూడా పాటలో కలిసిపోయింది.

గాజులా ఉన్న తెల్ల జత. దీనికే హంగూ లేదు. తబలా తబలాలా, వయొలిన్ వయొలిన్‌లా ఉన్నాయి. నా గొంతు మాత్రం బాగాలేదు. పల్చగా ఉంది. పైస్థాయికి వెళ్ళినచోట మెట్టు అందక కాలు జారినట్టు వినిపించింది. రెండుసార్లు విన్నాను, రెండుసార్లూ అక్కడే.

నాసిరకం. చూడ్డానికే చవగ్గా ఉంది.

జనవరి 8

నల్లదే అని చెప్పాను. విశ్వనాథంగారి ముఖం విప్పారింది.

"బయటి సౌండ్ ఏమన్నా వస్తోందాండి దాంట్లో?"

"అస్సలు రాదండి."

"హాల్లో స్పీకర్లు మోగుతున్నా వినపడదంటారా?"

"నా గొంతు తప్ప ఏమీ వినపడదండి."

"అదేనండి కావలసింది" అన్నారు. మిక్సర్ దగ్గర కూర్చునే త్రిమూర్తులు వైరు చుట్టుకుంటూ తల వంచుకున్నాడు. అతనికి నీలం జత నచ్చిందేమో. సౌండ్ మనుషులకి చెవులు వేరుగా ఉంటాయి.

మిగిలిన రెండు జతలూ నా దగ్గరే ఉంచుకోమన్నారు.

జనవరి 20

నిన్న రాజమండ్రిలో పెళ్ళి. నడుముకి చిన్న పెట్టె, దాన్నుంచి చెవులకి వైరు. మొదటి పాటకి భయం వేసింది, లోకం మొత్తం తలుపు వేసుకున్నట్టు. రెండో పాటకి అలవాటైంది. నా గొంతు ఇంత స్పష్టంగా నాకెప్పుడూ వినపడలేదు. బాక్సుల కాలంలో సగం అరుపే కదా.

కోరస్‌కి కొత్తమ్మాయిని తెచ్చారు. దుర్గాశ్రీ. ఇరవై మూడేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న కడియంలో మొక్కల నర్సరీలో పనిచేస్తాడట. విశ్వనాథంగారు ఆమెని కీబోర్డు వెనక, నాకు కనపడని చోట నిలబెట్టారు. స్టేజీ చిన్నది మరి.

ఫిబ్రవరి 3

గొంతు కొద్దిగా పట్టేసింది. చలి.

ఫిబ్రవరి 9

మిరియాల పాలు. పటికబెల్లం. పొద్దున లేచి సాధన చేస్తే మధ్యమం దాటాక గాలే వస్తోంది. చలి ఇంకా తగ్గలేదు.

పాట స్కేలు ఒక అరమెట్టు తగ్గిస్తారా అని విశ్వనాథంగారిని అడగబోయి మానేశాను. నేను అడగడమేమిటి? చెవిలో వింటే బాగానే ఉంది కదా.

ఫిబ్రవరి 27

శివరాత్రి అయిపోయింది. ఇది రాసి తీరాలి.

పట్టిసీమలో రేవు దగ్గర స్టేజీ వేశారు. వీరభద్రుడి గుడికి పడవల మీద వెళ్ళి వచ్చినవాళ్ళంతా తడిసిన అంచులతో అలాగే ఇసకలో కూర్చున్నారు. చివరి పాట, ఏటా పాడే శివస్తుతి. ఆఖరి చరణంలో పై షడ్జం పట్టుకుని నిలబడాలి. పోయినేడు అక్కడ దగ్గు వచ్చినట్టు నటించి మైకు దించేశాను, ఎవరికీ తెలియలేదు. ఈసారి దించలేదు. చెవిలో నా గొంతు నిలబడింది. కొంచెం వణికిందేమో, భక్తి అనుకున్నాను.

జనం లేచి నిలబడ్డారు. చెవులు మూసి ఉన్నాయి కాబట్టి చప్పట్లు వినపడలేదు, చేతులు కనపడ్డాయి. దిగాక ఒక ముసలావిడ నా రెండు చేతులూ పట్టుకుని, "ఇరవైయేళ్ళ పిల్ల గొంతమ్మా నీది" అంది. నలభై ఏడు నాకు. నవ్వాను.

ఇంకా ఉంది నాలో. ఉంది.

తిరిగి వచ్చేప్పుడు కారులో మా ఆయన ఏమీ మాట్లాడలేదు. ఎలా ఉందని అడిగితే, "జనానికి బాగా నచ్చింది" అన్నారు. కొట్టు మనిషి, ఆయనకి పాట గురించి ఏం తెలుసు?

మార్చి 4

రిహార్సల్లో చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. నా పాటలో దుర్గాశ్రీ గొంతు నా మీదకి వచ్చేస్తోంది.

"కోరస్ అంటే కోరస్‌లా ఉండాలమ్మా. నా పాటలో నువ్వు పైకి రాకు."

"సరే అక్కా" అంది. కళ్ళెత్తలేదు. విశ్వనాథంగారు ఏదో అనబోయి, కీబోర్డు మీద దుమ్ము తుడుచుకున్నారు.

ఈ కాలం పిల్లలకి పొగరు.

మార్చి 31

నిన్న ఉగాది. తణుకులో కళ్యాణమండపం. బాగా పాడుతున్నాననే అనుకుంటున్నాను. నాలుగో పాట రెండో చరణంలో చెవుల్లో శబ్దం ఒక్కసారిగా పోయింది. నడుము దగ్గర పెట్టెలో బ్యాటరీ అయిపోయింది. ఏమీ వినపడకపోతే శృతి ఎలా పట్టుకోను? కుడిచెవిలోది లాగేశాను.

హాల్లో పాట వినిపిస్తోంది.

నా గొంతు కాదు.

నోరు మూశాను. మైకు పెదవులకి ఆనించే ఉంది. పాట ఆగలేదు. పై షడ్జానికి వెళ్ళింది, అక్కడ దీపంలా కదలకుండా నిలబడింది, మెల్లగా దిగింది. ముందు వరుసలో ఒకాయన నన్ను చూస్తూ తల ఊపుతున్నాడు. నేను నోరు మూసుకుని ఉన్నాను, ఆయన నన్ను చూసే తల ఊపుతున్నాడు.

వెనక్కి తిరిగాను. కీబోర్డు వెనక దుర్గాశ్రీ కళ్ళు మూసుకుని పాడుతోంది.

మళ్ళీ ముందుకి తిరిగి, పెదవులు కదిపాను. పాట అయ్యేదాకా కదిపాను. అది ఎందుకు చేశానో తెలియదు.

ఏప్రిల్ 1

ఏం రాయను.

ఏప్రిల్ 2

పొద్దున నిడదవోలులో పాసింజరెక్కి రాజమండ్రి వెళ్ళాను. సామాన్లన్నీ ఉంచే గదిలో త్రిమూర్తులు ఒక్కడే ఉన్నాడు, మైకుల మూతులు డెట్టాలుతో తుడుస్తున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

ఏది అని అడగలేదు. అతనిలో నాకు నచ్చేది అదే.

"ఇవి కొన్నప్పట్నుంచండి. పైస్థాయి పాటలకేనండి. కింద పాటలన్నీ మీవేనండి."

"ఏం చేస్తావు?"

"బయటకెళ్ళేదాంట్లో మీది తగ్గించి ఆ అమ్మాయిది తెరుస్తానండి. మీ చెవికెళ్ళేది వేరే కదండి, దాంట్లో మీదే ఉంచుతాను. కొంచెం నునుపుగా కూడా చేస్తాను, మీకు హుషారుగా ఉంటుందని."

"పట్టిసీమలో?"

"ఆయ్. అదీనండి."

స్టూలు మీద కూర్చున్నాను. మంచినీళ్ళిచ్చాడు. నాకు ఆ ముసలావిడ చేతులు గుర్తొచ్చాయి. అవి ఎవరి చేతులు పట్టుకోవాల్సింది?

"ముందు నేను వద్దన్నానండి. విశ్వనాథంగారు, ఆవిడ బాధపడకూడదు త్రిమూర్తులూ, అన్నారు. అలాగా అనుకున్నానండి."

"మీరిద్దరూ నన్ను బాధపడకుండా చూశారన్నమాట."

పట్టిసీమ రికార్డింగులో నా మైకు ఒక్కటే విడిగా కావాలన్నాను. "వద్దండి" అన్నాడు. కావాలన్నాను. ఫోన్‌కి పంపాడు.

ఏప్రిల్ 3

మా ఆయన కొట్టుకి వెళ్ళాక తలుపు వేసుకుని విన్నాను.

నల్లదాంట్లో ముందు. బాగానే ఉంది. నిజంగా బాగానే ఉంది. ఇదేనా వాళ్ళు తగ్గించింది, ఇది వినపడకుండా చేశారా అని ఒళ్ళు మండిపోయింది. వెంటనే విశ్వనాథంగారికి ఫోన్ చేసి నాలుగు మాటలు అనేద్దామని నంబరు కూడా తీశాను.

తర్వాత నీలం. చెవి గుచ్చింది తప్ప తేడా తెలియలేదు.

తెల్లది పెట్టుకోకూడదనుకున్నాను. మధ్యాహ్నం దాకా పెట్టుకోలేదు. అన్నం తిన్నాను, గిన్నెలు తోమాను, బట్టలు మడత పెట్టాను. తర్వాత పెట్టుకున్నాను.

చరణం ఎత్తుకున్నప్పటినుంచే శృతి కిందకి ఉంది. పై షడ్జానికి నేను వెళ్ళనే లేదు. దాని గుమ్మం దాకా వెళ్ళి, చేతులు చాచి, అక్కడే వణుకుతూ నిలబడ్డాను. భక్తి అని రాసుకున్నది అదే. ఊపిరి అయిపోయి గొంతు చీలిన చప్పుడు కూడా ఉంది. సంగీతం రాని మనిషికైనా తెలుస్తుంది.

మూడు జతలూ ఒకే పాట వినిపించాయి. నల్లది నా తప్పుని బాస్‌లో ముంచి దాచింది. తెల్లది దాచలేదు. జనవరిలోనే చెప్పింది. నాసిరకమని రాశాను, ఆ పేజీ ఇప్పుడే తిప్పి చూశాను. కొట్టేయను, ఉండనీ.

వాళ్ళు మోసం చేశారు. నిజమే. నేను పాడలేకపోయాను. అదీ నిజమే. రెండిట్లో ఏదో ఒకటే అయుంటే ఎవరో ఒకరిని తిట్టుకునేదాన్ని.

ఏప్రిల్ 4

పొద్దున కాఫీ దగ్గర మా ఆయన్ని అడిగాను. "పట్టిసీమలో పాడింది నేను కాదని మీకు తెలుసా?"

కప్పు కింద పెట్టారు. "మొదటి లైనుకే తెలిసింది. ఇరవై ఆరేళ్ళుగా వంటింట్లోంచి వస్తుంటే వింటున్నాను, నీ గొంతు నాకు తెలియదా?"

"మరి చెప్పలేదే?"

"నువ్వు చాలా సంతోషంగా ఉన్నావు."

ఆ మాట ప్రేమతోనే అన్నారు. అందుకే ఎక్కువ కాలింది. త్రిమూర్తులు జాలిపడ్డాడు, విశ్వనాథంగారు జాలిపడ్డారు, ఈయన జాలిపడ్డారు. ఇంతమంది జాలి మధ్య నేను పట్టుచీర కట్టుకుని పెదవులు ఆడించాను.

సాయంత్రం విశ్వనాథంగారింటికి వెళ్ళాను. త్రిమూర్తులు ముందే చెప్పినట్టున్నాడు, ఆయన తడబడలేదు. కుర్చీ వేయించి, ఫ్యాను తిప్పి, నెమ్మదిగా మాట్లాడారు.

"పేరు మీదండి. గొంతు ఆ అమ్మాయిదండి. సూర్యకళగారు వస్తున్నారా అని అడిగి మరీ పిలుస్తారు మనల్ని. దుర్గాశ్రీ అంటే ఎవరికి తెలుసు? రెండూ కలిపాను. మీ పేరు నిలబడింది, పాట నిలబడింది, ఆ పిల్లకి అలవాటవుతోంది. ఎవరికండి నష్టం?"

"నాకు ఒక్కమాట చెప్పాల్సింది కదండి. స్కేలు తగ్గించి పాడేదాన్ని."

"స్కేలు తగ్గిస్తే పాట చప్పబడిపోతుందండి. అయినా చెబితే మీరు ఒప్పుకునేవారా?"

ఒప్పుకునేదాన్ని కాదు. ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అదే నన్ను కూర్చోనివ్వలేదు. లేచి వచ్చేస్తూ, నవమి పందిరి ఒక్కటి చేస్తాను, తర్వాత చేయనన్నాను.

"మీ ఇష్టమండి" అన్నారు. ఒక్కసారి కూడా వద్దనలేదు.

గేటు దగ్గర దుర్గాశ్రీ ఎదురైంది. నన్ను చూసి చెప్పులు విడవబోయి మళ్ళీ తొడుక్కుంది. "అక్కా, నన్ను తిట్టకండి. మా నాన్నకి కూడా చెప్పుకోలేదు. కూతురు పాడుతోందని వచ్చి ముందు కూర్చుని, ఇందులో నువ్వు పాడిందేదమ్మా, అని అడుగుతాడు."

మార్చిలో దీన్ని పైకి రావద్దన్నాను.

ఏప్రిల్ 7

నిన్న శ్రీరామనవమి. మా నిడదవోలులోనే, మా వీధి చివరి పందిరి. పానకం గ్లాసులతో తెలిసిన ముఖాలన్నీ ఉన్నాయి. కొట్టుకొచ్చేవాళ్ళు, మా ఆయన స్నేహితులు, నా దగ్గర చిన్నప్పుడు పాట నేర్చుకున్న ఆశాజ్యోతి, ఒళ్ళో ఆమె కూతురు.

ఇక్కడే చెప్పాలనుకున్నాను. ఎందుకని నన్ను నేనే అడిగాను. ఆ పిల్లకి న్యాయం చేయాలని, అని జవాబు చెప్పుకున్నాను. కాదు. విశ్వనాథంగారి ముఖం అందరి ముందూ మాడిపోతుంటే చూడాలని. న్యాయం రెండో కారణం.

కింద పాటలు మూడు పాడాను. అవి నావే. నాలుగోది పైస్థాయిది. విశ్వనాథంగారు కీబోర్డు మీద ఎత్తుకోబోతుంటే చెయ్యెత్తి ఆపి, మైకులో చెప్పాను.

"అందరికీ ఒక మాట చెప్పాలండి. ఈ ఏడాది పైస్థాయి పాటలు నావి అనుకుని విన్నారు. అవి నేను పాడలేదు. వెనక నిలబడిన దుర్గాశ్రీ పాడింది. చప్పట్లు ఆ అమ్మాయివి. ఇప్పుడు ముందుకొచ్చి పాడుతుంది."

చెవిలో నా మాట ఒక్కో అక్షరం స్పష్టంగా వినిపించింది. వణకలేదు. జీవితంలో అంత బాగా నేనేదీ చెప్పలేదు.

ఎవరి ముఖమూ మారలేదు. ఆశాజ్యోతి కూతురికి పానకం తాగిస్తోంది. ముందు కూర్చున్న ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడటం లేదన్నట్టు సైగ చేశాడు. చెవిలోది లాగేశాను. స్పీకర్లలో కీబోర్డు గుంయ్ తప్ప ఏమీ లేదు. నా మైకు బయటికి తగ్గించేసి ఉంది. చెప్పిందంతా నా చెవిలోకే చెప్పుకున్నాను.

ఇంకోసారి అరిచి చెప్పొచ్చు. విశ్వనాథంగారు అప్పటికే ఎత్తుకున్నారు. పాట మొదలైంది. జనం నావైపు చూస్తున్నారు. నేను పెదవులు కదపలేదు. మైకు స్టాండుకి తగిలించి, మెట్లు దిగి, ఇంటికి నడిచి వచ్చేశాను. ఆవిడకి ఒంట్లో బాగాలేదని విశ్వనాథంగారు మైకులో చెప్పారట. మా ఆయన వచ్చి చెప్పారు.

ఏప్రిల్ 8

త్రిమూర్తులు ఫోన్ చేశాడు. "కావాలని చేయలేదండి. ఆ పాట అనగానే మీది తగ్గించడం చేతికి అలవాటైపోయిందండి."

నమ్మాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకున్నా ఏమవుతుంది?

ఏప్రిల్ 21

విశ్వనాథంగారి కొత్త బ్యానరు ఫోన్లో చూశాను. దుర్గాశ్రీ ఫొటో పెద్దది. ఇంత తొందరగా తయారవుతుందా బ్యానరు? నన్ను దింపడానికి ఆయన దారి వెతుక్కుంటున్నారు, నేనే మెట్లు దిగి ఇచ్చాను. నేను తీర్చుకోబోయిన పగ ఆయన ఇంటికే ఉపకారంగా వెళ్ళింది.

మే 2

సాధన మానేశాను. ఇంట్లో ఎవరూ అడగలేదు.

మే 11

ఈరోజు వంట చేస్తూ స్కేలు రెండు మెట్లు తగ్గించి ఆ శివస్తుతి పాడుకున్నాను. ఆఖరి చరణం అందింది. చప్పబడలేదు. వేరే పాటలా, పెద్దవాళ్ళు పాడుకునే పాటలా ఉంది. చెవుల్లో ఏమీ లేదు, ఎదురుగా ఎవరూ లేరు. మా ఆయన హాల్లో టీవీ శబ్దం తగ్గించారు. నేను వెంటనే ఆపేశాను.

మే 19

నిన్న పోలవరం వెళ్ళాను. అమ్మవారి జాతర. దుర్గాశ్రీ ముందు నిలబడి పాడే మొదటి ప్రోగ్రాం. నాలుగుసార్లు ఫోన్ చేసింది, "అక్కా, మీరు రావాలి. మా నాన్న కూడా వస్తున్నాడు" అని. వెళ్ళకూడదనుకుంటూనే కొవ్వూరులో బస్సు మారాను.

నూలుచీర, కళ్ళజోడు, జడ ముడి. స్టేజీ మీద నన్ను చూసినవాళ్ళెవరూ గుర్తుపట్టలేదు. మధ్య వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ముందు వరుసలో ఒకాయన కొత్త పంచె కట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. వాళ్ళ నాన్నే అయుంటాడు. కూతురు నోరు విప్పగానే కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

బాగా పాడింది. అన్నిటికన్నా బాగా ఆఖరి పాట పాడింది, ఆ శివస్తుతే. పై షడ్జం దగ్గర నాకు తెలియకుండానే నా ఊపిరి కూడా పట్టుకున్నాను. ఆ పిల్ల వదిలాకే వదిలాను. అసూయ లేదని రాస్తే అబద్ధం. ఉంది. కానీ పాట అయ్యేదాకా అది ఎక్కడో పక్కన కూర్చుంది.

నా పక్కనున్నావిడ, ఆ ఊరావిడే, వక్కపొడి చేతిలో వేసుకుంటూ పెదవి విరిచింది.

"పిల్ల పరవాలేదండి. కానీ ఈ పాట వినాలంటే సూర్యకళగారు పాడగా వినాలి. శివరాత్రికి పట్టిసీమలో విన్నాను. రోమాలు నిక్కబొడుచుకున్నాయనుకోండి. ఈ పిల్లకి ఆ గొంతెక్కడిది?"

స్టేజీ మీద దుర్గాశ్రీ దండం పెడుతోంది. చప్పట్లు పడుతున్నాయి, పట్టిసీమలో కనపడినన్ని చేతులు లేవు.

"శివరాత్రికి పాడింది కూడా ఈ అమ్మాయేనండి" అన్నాను. "ఆవిడ ముందు నిలబడి నోరు ఆడించింది, అంతే. వెనకనుంచి పాడింది ఈ పిల్లే."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. ఎవరో గిట్టనివాళ్ళనుకుంది.

"అదేంటండి అలాగంటారు? నేను ముందు వరుసలో కూర్చున్నాను. ఈ కళ్ళతో చూశాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. పెద్ద మనిషిని పట్టుకుని అలా అనకూడదండి." కుర్చీ కొంచెం అవతలకి జరుపుకుంది.

ఇంకోసారి చెప్పలేదు. నేనే ఆ సూర్యకళనని చెబితే నమ్మేదేమో. చెప్పలేదు. ఆమె నమ్మనందుకు లోపల సంతోషం వేసింది నాకు. ఇది రాయకూడదనుకుని బస్సులో వచ్చాను, రాయకూడదనుకుని పడుకున్నాను. పొద్దున్నే లేచి రాస్తున్నాను. సంతోషం వేసింది.